ఇరుగుపొరుగు పూచీ మీద నిలిచిన బ్యాంకు: రైఫైజెన్ జీవితం



కిందటి నెల ఒక సాయంకాలం జపమాల ముగిసి అందరూ వెళ్లిపోయాక, మా విచారణలోని ఒక రైతు సోదరుడు గుడి వరండాలో నిలబడిపోయాడు. జేబులోంచి మడతలు పడిన ప్రోనోటు నకలు తీసి నా చేతిలో పెట్టాడు. పాడిగేదె కొనడానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు చేశాడట. నెలకు మూడు రూపాయలంటే చెవికి చిన్న మాటే. లెక్క వేస్తే ఏడాదికి నూటికి ముప్పై ఆరు. పదివేలు తెచ్చినవాడు అయిదేళ్లు అసలు కట్టలేక వడ్డీ మాత్రమే కడితే పద్దెనిమిది వేలు పోతుంది, పదివేలు అలాగే నిలిచి ఉంటుంది. గేదె ఈలోగా వట్టిపోతుంది. ఆ సోదరుడు అడిగింది ఒక్కటే: వాళ్ల ఇంటివాళ్లకు మన పొదుపు సంఘంలో అప్పు ఇప్పించమని ఫాదరుగా నేను ఒక మాట చెప్పాలి.

ఆ రాత్రి నాకు సరిగా ఇదే గేదెల వ్యవహారంతో జీవితమంతా పోరాడిన ఒక మనిషి గుర్తుకొచ్చాడు. ఆయన కథోలికుడు కాడు, జర్మనీకి చెందిన ప్రొటెస్టంటు. పునీతుల జాబితాలో ఆయన పేరు వెదకనక్కరలేదు. కాని మన ఊళ్లలోని సహకార పరపతి సంఘాల వంశవృక్షం తిరగేస్తే మొదటి కొమ్మల్లో కనిపించే పేరు ఆయనదే: ఫ్రీడ్రిక్ విల్‌హెల్మ్ రైఫైజెన్.

ఆయన 1818 మార్చి 30న రైన్ నదికి తూర్పున, వెస్టర్‌వాల్డ్ అనే కొండప్రాంతంలో, హామ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తొమ్మిది మంది బిడ్డల్లో ఏడవవాడు. తండ్రి కొంతకాలం ఆ ఊరి మేయరుగా చేసినా, ఫ్రీడ్రిక్ పసితనంలోనే కుటుంబం చితికిపోయింది. పై చదువులకు డబ్బు లేదు. ఊరి పాస్టరు సైపెల్ గారు చేరదీసి నాలుగు అక్షరాలు చెప్పారు. పదిహేడో యేట ప్రష్యా సైన్యంలో ఫిరంగి దళంలో చేరాడు. మంచి భవిష్యత్తే ఉండేది గాని కంటిజబ్బు వచ్చింది. 1843లో సైన్యం విడిచి ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగిరీకి మళ్లాడు. ఆ కంటిజబ్బు చివరిదాకా ఆయన్ను వదలలేదు.

1845లో, ఇరవై ఏడేళ్ల వయసులో, వైయర్‌బుష్ అనే చోట మేయరుగా వేశారు. మేయరంటే మన పట్టణాల్లో దండలు వేయించుకునే పదవి అనుకోకండి. కొన్ని పల్లెలకు కలిపి ప్రభుత్వం నియమించే అధికారి. మన తాసీల్దారు పనీ, మండలాభివృద్ధి అధికారి పనీ ఒక్కడే చేస్తే ఎలాగో అలాగన్నమాట. ఆ యేడే ఎమీలీ అనే మందుల షాపు యజమాని కూతుర్ని పెళ్లాడాడు.

మరుసటి యేడే కరువు. 1846లో బంగాళాదుంపా పోయింది, గోధుమకు తమ్ముడి వంటి రై ధాన్యమూ పోయింది. కొండప్రాంతపు పేదలకు ఆ రెండే తిండి. చలికాలం వచ్చేసరికి పిండి ధర ఆకాశానికి ఎక్కింది. ప్రభుత్వం కొంత పిండి పంపింది గాని ఒక షరతు పెట్టింది: రొక్కం చెల్లించినవారికే అమ్మాలి. చూశారా, కరువులో ఆకలి ఉన్నవాడి దగ్గర రొక్కం ఉండదు, రొక్కం ఉన్నవాడికి అంత ఆకలి ఉండదు. ఆర్థికశాస్త్రం చదివిన పిల్లలు గిరాకీ అనే మాటకు చెప్పే నిర్వచనంలో ఈ చేదు నిజమే దాగుంది. చేతిలో కాసు లేని కోరిక బజారు లెక్కలోకి రాదు.

రైఫైజెన్ ఆ ఉత్తర్వును పక్కన పెట్టి పిండిని అరువుకు పంచాడు. అధికారిగా అది తన మెడకు తానే ఉరి తగిలించుకోవడం. తరువాత ఊళ్లో కలిగినవారిని కూడగట్టి ఒక నిధి ఏర్పాటు చేశాడు. ఆ డబ్బుతో ధాన్యాన్ని దూరం నుంచి టోకున కొన్నారు. ఊరుమ్మడి పొయ్యి ఒకటి కట్టించి రొట్టెలు కాల్చారు. పంట వచ్చాక తీర్చే మాట మీద పేదలకు ఇచ్చారు. రొట్టె ధర బజారు ధరలో సుమారు సగానికి దిగింది. విత్తనపు దుంపలు కూడా అలాగే తెప్పించారు. ఇందులో గారడీ ఏమీ లేదు. టోకుగా కొంటే ధర తగ్గుతుంది, మధ్యలో చేతులు తగ్గితే ఖర్చు తగ్గుతుంది, అరువు దొరికితే ఆకలి గిరాకీగా మారుతుంది. తెలిసిన సంగతులే. వాటిని కరువు నడుమ, పై అధికారి కోపానికి వెరవకుండా చేసినవాడు ఒకడుండాలి, అంతే.

ఆయనకు రోడ్ల పిచ్చి కూడా ఉండేది. కొండ పల్లెల్ని రైన్ లోయతో కలిపే బాట వేయించడానికి పట్టుబట్టాడు. పండిన పంట బజారుకు చేరే ఖర్చు పంట విలువను మింగేస్తుంటే ఎంత పొదుపు నేర్పినా ఏం లాభం? హామ్ నుంచి నోయ్‌వీడ్ దిశగా సాగే ఆ పాత దారిని ఇప్పుడు ఆయన పేరుతోనే పిలుస్తున్నారు.

1848లో ఫ్లామర్స్‌ఫెల్డ్‌కు బదిలీ. అక్కడే గేదెల కథ, అంటే వారి ఆవుల కథ, ఆయన కంట పడింది. ఆవు లేని రైతుకు పాలూ లేవు, ఎరువూ లేదు, దుక్కీ లేదు. కొనడానికి డబ్బు లేదు. పశువుల వ్యాపారి ఆవును అరువుకు తోలి ఇచ్చేవాడు. వాయిదా తప్పితే ఆవూ పోయేది, దూడా పోయేది, కట్టిన సొమ్మూ పోయేది. చివరకు పొలమూ వేలానికి వచ్చేది. పేరు మార్చితే మన కథే.

వడ్డీ ఎందుకు అంత ఎక్కువగా ఉండేది? వ్యాపారి దుర్మార్గుడు కనుక, అని చెప్పి ఊరుకోవడం మనకు, ముఖ్యంగా ప్రసంగ పీఠం మీద నిలబడే మాబోటివారికి, తేలిక. కొంత నిజం కూడా. కాని పూర్తి నిజం కాదు. కొలోన్ నగరంలోని బ్యాంకులో డబ్బు మూలుగుతోంది. వడ్డీ తక్కువ. అయినా రెండెకరాల కొండ రైతుకు అది చేరదు. ఎందుకని? అతడు ఎటువంటివాడో, తాగుతాడో, కష్టపడతాడో, పొలం మీద ఇంకెన్ని అప్పులున్నాయో బ్యాంకికి తెలియదు. తెలుసుకోవడానికి ఒక గుమాస్తాను కొండ మీదికి పంపితే ఆ ప్రయాణపు ఖర్చు ఆ చిన్న అప్పు మీద వచ్చే వడ్డీని మించుతుంది. కాబట్టి బ్యాంకు రాదు. తెలిసినవాడు ఊరి వ్యాపారి ఒక్కడే, పోటీ లేదు, తన ఇష్టం వచ్చిన ధర. ఇక్కడ కరువైనది డబ్బు కాదు, సమాచారం. ఈ సంగతిని ఆర్థికశాస్త్రవేత్తలు సిద్ధాంతంగా రాయడానికి ఇంకా వందేళ్లకు పైనే పట్టింది.

1849లో ఫ్లామర్స్‌ఫెల్డ్‌లో అరవైమంది కలిగినవారిని కూర్చోబెట్టి, తమ ఆస్తులన్నీ పూచీగా పెట్టి అప్పు తెచ్చేలా ఒప్పించాడు. ఆ డబ్బుతో సంఘం ఆవులు కొని పేద రైతులకు ఇచ్చింది. అయిదేళ్లలో వాయిదాల మీద తీర్చాలి. కొంతకాలానికి ఆవులకు బదులు నేరుగా డబ్బే అప్పుగా ఇచ్చారు. 1852లో నోయ్‌వీడ్ పక్కనే ఉన్న హెడ్డెస్‌డార్ఫ్‌కు మారాడు. అక్కడ 1854లో పెట్టిన సంఘం ఇంకా పెద్ద ఆశలతో మొదలైంది. అనాథ పిల్లల సంరక్షణ, చెరసాల నుంచి వచ్చినవారికి పని, గ్రంథాలయం, అప్పులు, అన్నీ ఒకే సంఘం చేయాలి. మన విచారణ సంఘాల కార్యక్రమ పట్టిక చూసినట్టే ఉంటుంది.

ఇక్కడ నేను కాస్త ఆగాలి. ఎందుకంటే ఆయన జీవితంలో అసలు మలుపు ఇక్కడే ఉంది, నా జీవితంలో ఒక తలవంపు కూడా ఇక్కడే గుర్తుకొస్తుంది.

ఆ సంఘంలో సభ్యులు ధనవంతులు. అప్పు తీసుకునేవారు పేదలు, వారు సభ్యులు కారు. కొన్నేళ్లు ఉత్సాహంగా నడిచింది. తరువాత ధనవంతులకు విసుగు పుట్టింది. ఎవరో తీర్చని అప్పుకు తమ ఆస్తి ఎందుకు పూచీగా ఉండాలి? ఒక్కొక్కరే జారుకున్నారు. మరి పేదలకు? సంఘం పెద్దమనుషులది, పోతే వాళ్లది పోతుంది, అన్న భావం. దాన్ని నిలబెట్టాలన్న పట్టుదల ఎవరికీ లేకపోయింది.

సుమారు ఇరవై యేళ్ల క్రితం, మెట్టప్రాంతంలోని ఒక విచారణలో కొత్తగా చేరిన రోజుల్లో, విదేశీ దాతలు పంపిన సొమ్ముతో నలభై కుటుంబాలకు పాడిగేదెలు ఇప్పించాను. వడ్డీ లేదు, నెలనెలా కొంచెం కట్టాలి, ఆ డబ్బుతో మరో నలభై కుటుంబాలకు ఇవ్వాలి అని నా ప్రణాళిక. మొదటి నెల వాయిదా తెచ్చినది ఒక్క విధవరాలు. మిగతావారు ఆమెను చూసి నవ్వారట. ఫాదరుగారి డబ్బు, తెల్లవారి డబ్బు, ఎవరు అడుగుతారు అని. రెండో నెల ఆమె కూడా రాలేదు. నేను పీఠం మీదినుంచి కోపంగా ప్రసంగించాను. సెమినరీలో మూడేళ్లు తత్త్వశాస్త్రం చదివి, డబ్బు గొడ్డుదనీ అది పిల్లలు పెట్టదనీ అరిస్టాటిల్ చెప్పిన వాదమంతా కంఠస్థం చేసినవాణ్ణి, ఆ డబ్బు ఎవరిది అనే ప్రశ్న మాత్రం వేసుకోలేదు. తప్పు వారిది ఎంతో నాకిప్పుడు తెలియదు గాని, నాది చాలా ఉంది.

రైఫైజెన్‌కు కూడా ఈ సంగతి మింగుడు పడలేదు. పొరుగువాణ్ణి ప్రేమించడమే క్రైస్తవ ధర్మమైనప్పుడు, కలిగినవాడు లేనివాడికి సాయపడటమే సంఘానికి పునాది కావాలని ఆయన గట్టి నమ్మకం. అదే కాలంలో హెర్మన్ షుల్జె-డెలిట్జ్ అనే న్యాయాధికారి పట్టణాల్లో చేతివృత్తులవారి చేత సంఘాలు పెట్టించాడు. అవి దానం మీద కాక సభ్యుల స్వయంసహాయం మీద నడిచేవి. 1862లో రైఫైజెన్ ఆయనకు ఉత్తరాలు రాశాడు, వాదించాడు, చివరకు తన అనుభవానికి తలవంచాడు. 1862లో అన్‌హౌజెన్ పల్లెలో, 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో కొత్త పద్ధతి వచ్చింది. అప్పు కావలసినవాడు ముందు సభ్యుడు కావాలి. పూచీ పెట్టేవాడు, అప్పు తీసుకునేవాడు ఇక ఒక్కడే. నమ్మకాన్ని మార్చుకోవడం ఆయన వంటి భక్తిపరునికి ఎంత కష్టమై ఉంటుందో నేను ఊహించగలను.

ఆ పద్ధతి పనిచేసే తీరు చూడండి. ఒక సంఘం ఒక ఊరికో, ఒక చర్చి పరిధికో మాత్రమే. అందరూ ఒకరినొకరు ఎరిగి ఉండాలి. ఏ గుమాస్తా విచారించనక్కరలేకుండానే ఎవడు ఎటువంటివాడో అందరికీ తెలుసు. అపరిమిత బాధ్యత అంటే, ఒకడు ఎగ్గొడితే మిగతా అందరి ఆస్తీ దానికి జవాబు చెప్పాలి. వినడానికి భయంగా ఉంటుంది. కాని యాభైమంది బలహీనులకు విడివిడిగా ఒక్క కాసు ఇవ్వని నగరపు డబ్బు, ఆ యాభైమందీ ఒకే తాడుకు కట్టుకుని వస్తే తక్కువ వడ్డీకే దిగివచ్చింది. పైగా పక్కవాడు అప్పు తెచ్చిన డబ్బుతో ఆవు కొన్నాడా, సారాయి దుకాణానికి పోయాడా అని కనిపెట్టి ఉండే పని ఊరంతా ఉచితంగా చేసింది. అప్పు ఏ పనికో ముందే చెప్పాలి, ఆ పనికే వాడాలి. తీర్చే గడువు పంటకూ పశువుకూ తగినట్టు కొన్నేళ్ల పాటు ఉంటుంది. పాలకవర్గానికి జీతం లేదు. లెక్కలు రాసేవాడికి మాత్రం కొంచెం ముట్టచెప్పేవారు, అయితే ఎవరికి అప్పివ్వాలో తేల్చే చోట అతనికి మాట ఉండదు. మిగులు డబ్బును సభ్యులు పంచుకోరు. అది సంఘానికే, ఎన్నటికీ విభజించరాని నిధిగా, చేరుతుంది.

ఈ చివరి రెండు నియమాల దగ్గర మన శ్రీసభ చరిత్ర కూడా గుర్తుకొస్తుంది. పదిహేనో శతాబ్దంలో ఇటలీలో ఫ్రాన్సిస్కన్ సభ మఠవాసులు పేదలకు కుదువ మీద అప్పులిచ్చే నిధులు పెట్టినప్పుడు, ఖర్చుల నిమిత్తం కొద్ది సొమ్ము పుచ్చుకోవడం పాపమా కాదా అని పెద్ద వాదం నడిచింది. నిర్వహణ ఖర్చు మాత్రమే అయితే అది వడ్డీ వ్యాపారం కాదని 1515లో అయిదవ లాటరన్ మహాసభ తేల్చింది. ఖర్చు వేరు, దోపిడీ వేరు. ఆ గీత ఎక్కడ గీయాలో లెక్కల పుస్తకమే చెప్పాలి.

ఇంటి సంగతి చెప్పకపోతే జీవితకథ సగమే. ఎమీలీకి పుట్టిన ఏడుగురు బిడ్డల్లో ముగ్గురు పసివయసులోనే పోయారు. 1863లో ఆమె కూడా కన్నుమూసింది. కంటిచూపు దాదాపు పోవడంతో 1865లో, నలభై ఏడేళ్లకే, రైఫైజెన్ ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. పింఛను చాలదు. చుట్టల తయారీ పెట్టాడు, అది ఎక్కువకాలం సాగలేదు. తరువాత ద్రాక్షసారా వ్యాపారం. దేశానికి పరపతి నేర్పినవాడు తన ఇల్లు గడవడానికి సీసాలు అమ్ముకున్నాడన్నమాట. పెద్ద కూతురు అమాలియే ఆయనకు కళ్లు. పత్రికలు చదివి వినిపించేది, ఉత్తరాలు రాసేది. 1866లో వెలువడిన ఆయన ఒకే ఒక్క పెద్ద గ్రంథం, పల్లెల్లో అప్పుల సంఘాలు ఎలా పెట్టాలో చెప్పేది, ఆయన చెబుతుంటే ఆమె రాసినదే. ఆమె పెళ్లి చేసుకోలేదు. ఆ గ్రంథం మీద ఆమె పేరు లేదు.

సంఘాలు పెరిగాక కొత్త చిక్కు వచ్చింది. ఒక ఊళ్లో డిపాజిట్లు మిగిలిపోతాయి, పక్క ఊళ్లో వడగళ్లు పడి అందరికీ ఒకేసారి అప్పు కావాలి. ఊరంతా ఒకే పంట వేస్తే కష్టం కూడా ఊరంతటికీ ఒక్కసారే వస్తుంది. ఇరుగుపొరుగు పూచీకి అది పెద్ద బలహీనత. అందుకని 1872లో నోయ్‌వీడ్‌లో సంఘాలన్నిటికీ కలిపి ఒక బ్యాంకు పెట్టాడు. షుల్జె-డెలిట్జ్ ఇప్పుడు ఎదురు తిరిగాడు. ఎప్పుడైనా వెనక్కు అడగగల డిపాజిట్లు పుచ్చుకుని ఏళ్ల తరబడి అప్పులివ్వడం ప్రమాదమనీ, సభ్యుల వాటా ధనం లేకుండా సంఘం నిలవదనీ ఆయన వాదం. నిష్పక్షపాతంగా చెప్పాలంటే ఆ వాదంలో బలం ఉంది. బ్యాంకులు కుప్పకూలేది చాలాసార్లు అక్కడే. చట్టపరమైన చిక్కుల వల్ల 1876లో రైఫైజెన్ ఆ కేంద్ర సంస్థను వాటాల కంపెనీగా మార్చవలసి వచ్చింది.

మరో మాట దాచకూడదు. అక్కడి పశువుల వ్యాపారుల్లో యూదులు చాలామంది. రైఫైజెన్ రాతల్లో యూదుల పట్ల ఆనాటి సమాజపు ద్వేషం కనిపిస్తుందని ఇటీవలి సంవత్సరాల్లో చరిత్రకారులు ఎత్తిచూపారు. కొందరి వ్యాపార దోషాన్ని ఒక జాతి మీద మోపడం పాపమే. ఆయన మంచితనం దాన్ని మాఫీ చేయదు. చిత్రమేమిటంటే, ఆయన పద్ధతిని ఇటలీకి తీసుకువెళ్లి 1883లో లొరెజ్జా పల్లెలో మొదటి సంఘం పెట్టిన లియోనె వొల్లెంబోర్గ్ యూదుడే. ఆ తరువాత ఇటలీలో డాన్ చెరూటి, ఐర్లండులో యేసుసభ గురువు ఫిన్లే వంటి కథోలిక గురువులు ఊరూరా ఈ సంఘాలు పెట్టించారు. జగద్గురువులు లియో 13 గారి రేరుమ్ నొవారుమ్ విశ్వలేఖ 1891లో వచ్చాక ఆ పని ఇంకా ఊపందుకుంది. రైఫైజెన్ దాన్ని చూడలేదు. తన డెబ్బయ్యో పుట్టినరోజుకు పంతొమ్మిది రోజుల ముందు, 1888 మార్చి 11న మరణించాడు.

మన దగ్గరికి ఆ పద్ధతి ఎలా వచ్చింది? 1890లలో మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని ఐరోపా పద్ధతులు చూసి రమ్మంది. కోస్తా జిల్లాలు, రాయలసీమ అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే. 1895లోను 1897లోను ఆయన ఇచ్చిన బృహత్ నివేదిక రైఫైజెన్ బాటనే చూపింది. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది, పల్లె సంఘాలకు అపరిమిత బాధ్యతే నియమం. కాని ఒక్క తేడా. అక్కడ సంఘం ఊళ్లోంచి మొలిచింది, ఇక్కడ రిజిస్ట్రారు కార్యాలయం నుంచి దిగింది. దాదాపు యాభై ఏళ్ల తరువాత, 1951-52లో దేశమంతటా సర్వే చేస్తే, రైతులు తెచ్చే అప్పుల్లో సహకార సంఘాలు ఇచ్చినది మూడు శాతం చిల్లర మాత్రమే. సర్కారు డబ్బు, ఎవరు అడుగుతారు! నా మెట్ట విచారణలో వినిపించిన నవ్వే ఇది.

మినహాయింపులు లేకపోలేదు. పాత కరీంనగర్ జిల్లా ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి గారు పెట్టిన సహకార గ్రామీణ బ్యాంకు సభ్యుల మీదే ఆధారపడి ఎదిగింది. ప్రభుత్వపు పెత్తనం లేకుండా సంఘాలు నడుపుకునేందుకు 1995లో ఆంధ్రప్రదేశ్‌లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. 1990లలో నెల్లూరు జిల్లాలో సారాను తరిమిన ఆడవాళ్లే పొదుపు సంఘాలకు తోవ చూపారు. ఆ గుంపు పూచీనే లాభాల కోసం వాడుకున్న సూక్ష్మరుణ కంపెనీలు ఒకే ఇంట మూడు నాలుగు అప్పులు పోసి, 2010లో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా వ్యవహారం ముదిరింది. తాడు అదే, పట్టుకున్న చేతులు వేరు.

ఇక మా రైతు సోదరుని సంగతి. మా పొదుపు సంఘంలో ఉన్నది ముప్పై ఒక్కమంది తల్లులు, అక్కచెల్లెళ్లు. ఉన్న డబ్బంతా వాళ్లు వారం వారం దాచుకున్నదే. బయటి దాతల పైసా అందులో లేదు. అతని భార్య ఏడాది క్రితం సభ్యురాలైంది, రెండు నెలలు పొదుపు కట్టలేదని పుస్తకంలో ఉంది. ఆమె దరఖాస్తు ఈ ఆదివారం దివ్యపూజాబలి తరువాత సభ్యుల ముందుకు వస్తుంది. ఒక మాట చెప్పమని అతడు మళ్లీ నిన్న వచ్చి అడిగాడు. సంఘంలో నాకు ఓటు లేదని చెప్పాను. అతని మొహం చిన్నబోయింది. గేదె ఇంకా పాలిస్తోందా అని అడిగాను. పూటకు రెండు లీటర్లు ఇస్తోందట.